నీళ్లు పోసి చంపబోయాను

పీస్ లిలీని పెద్దగా పట్టించుకోకపోయినా బతికేస్తుందంటారు. మా ఇంట్లో దాని ప్రాణం మీదికి తెచ్చింది నా పట్టింపే.

గాలిని శుభ్రం చేస్తుందని కొన్నాను. (ఆ మాటకు మూలమైన 1989 నాటి నాసా ప్రయోగం మూసిన పెట్టెల్లో చేసిందనీ, కిటికీలున్న మన హాలుకు పెద్దగా వర్తించదనీ తర్వాత చదివాను.) టీవీ పక్కన తెల్ల పింగాణీ కుండీలో పెట్టాను. అడుగున చిల్లు లేదు. టైల్స్ మీద మరకలు పడవని ఏరికోరి తెచ్చిన కుండీ అది. ఆర్‌వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు వృథా అవుతున్నాయన్న బాధ ఒకటి ఉండేది. బకెట్‌లో పట్టి, రోజూ పొద్దున్నే మగ్గుతో పోసేదాన్ని.

ఆకుల కొనలు మాడాయి. నీళ్లు చాలట్లేదనుకున్నాను. ఆకులు వేలాడిపోయాయి. ఇంకా దాహమే అనుకున్నాను. చివరికి బలానికని గుప్పెడు డీఏపీ ఎరువు వేశాను. ఆ గుప్పెడు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నర్సరీ అతను ఫొటో చూసి ఒకటే అడిగాడు: "మట్టి వాసన చూశారా మేడమ్?" చూళ్లేదు. కుండీలోంచి మొక్కను లాగితే మురుగు కంపు. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన వేళ్లు నల్లబడ్డాయి. పట్టుకుంటే పైతోలు జారిపోయి సన్నటి నార మిగిలింది. వేళ్లకూ గాలి కావాలి. మట్టి సందుల్లో నీళ్లే నిండితే ఊపిరాడక కుళ్లుతాయి. కుళ్లిన వేరు చుట్టూ ఎంత తడి ఉన్నా పీల్చుకోలేదు. అందుకే నీళ్లెక్కువైన మొక్కా, నీళ్లందని మొక్కా చూడ్డానికి ఒకేలా వాడతాయి. మట్టిలో వేలు దింపితే తప్ప తేడా తెలీదు.

ఇక ఆ ఆర్‌వో నీళ్లు. బోరు నీటి టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు) 800 ఉందనుకోండి. మెషీన్ అందులో మూడో వంతు మంచినీళ్లుగా తీసుకుంటే, ఉప్పంతా మిగతా రెండు వంతుల్లో చేరి 1200కు దగ్గరవుతుంది. నేను పోసింది అదీ! చిల్లు లేని కుండీలోంచి ఆ ఉప్పు పోయే దారి లేదు. మట్టి మీద తెల్లగా పేరుకున్న పొరను బూజనుకుని చెంచాతో గీకేసేదాన్ని. దానికి తోడు డీఏపీ.

వేళ్లను కుళాయి కింద కడిగి, స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మెత్తబడినవన్నీ తీసేశాను. మిగిలింది పిడికెడు. ఆ కాసిని వేళ్లు అన్ని ఆకుల్ని పోషించలేవు కాబట్టి, మనసొప్పకపోయినా సగం పైగా ఆకులు మొదలంటా కోసేశాను. కోకోపీట్, ముతక ఇసుక, కాస్త వర్మీకంపోస్ట్ కలిపి, చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీలో నాటాను. పెద్ద కుండీ అయితే తాగే వేళ్లు లేక మట్టి మళ్లీ తడిగానే ఉండిపోతుంది. నేరుగా ఎండ తగలకుండా కిటికీ దగ్గర పెట్టాను. ఎరువు బంద్. పైమట్టి ఆరాకే నీళ్లు. చాలా వారాలు ఏ మార్పూ లేదు. తర్వాత మధ్యలోంచి చుట్ట చుట్టుకున్న లేతాకు ఒకటి లేచింది. మాడిన పాత కొనలు మాత్రం పచ్చబడలేదు, పచ్చబడవు కూడా.

ఆర్‌వో వదిలిన నీళ్లతో ఇప్పుడు మా బాత్రూమ్ కడుగుతున్నాం. మీరు వాటిని కుండీల్లో పోస్తుంటే ఆపేయండి, వాననీళ్లో ఏసీ నీళ్లో పట్టుకోండి. చిల్లు లేని కుండీ కొనబోయే ముందు మాత్రం ఇంట్లో డ్రిల్లింగ్ మెషీన్ ఉందో లేదో చూసుకోండి.