మౌనముగల పాట

లూకా మొదటి అధ్యాయంలోని మరియ స్తుతిగీతాన్ని ఎస్టోనియా దేశస్థుడైన ఆర్వో పార్ట్ 1989లో లాటిన్ భాషలో బృందగానంగా కూర్చారు. మా అబ్బాయి ఫోనులో వినిపించాడు. హార్మోనియం లేదు, డోలక్ లేదు, కంఠాలే. ఒక గొంతు మెట్టుమెట్టుగా నడుస్తుంటే, మరొకటి గంట మోగినట్లు మూడు స్వరాల మధ్యనే తిరుగుతుంది. నడుమనడుమ మౌనం. మొదట్లో కొంచెం విసుగే!

1968లో యేసుక్రీస్తును విశ్వసిస్తున్నానని చాటే గానాన్ని రచించినందుకు సోవియట్ అధికారులు దానిని అడ్డుకున్నారు. 1976 వరకు ఆయన బహు తక్కువగా రాస్తూ, ప్రాచీన సంఘపు గీతాలను అభ్యసించారు. ఆ సంవత్సరాల నిశ్శబ్దమే ఈ పాటలో వినబడుతుందని నాకనిపిస్తుంది.

మన కూటాల్లో మైకు ఒక్క నిమిషం ఆగితే ఎవరో ఒకరు పల్లవి ఎత్తుకుంటారు. మొన్న బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ప్రక్కన కూర్చున్నప్పుడు నేను పాట ఎత్తలేదు. చాలాసేపటికి ఆమే మెల్లగా ప్రార్థించసాగింది.