వేలూరు కోటలో ఒక సాయంత్రం

మన పత్రికలో కాశీ, రామేశ్వరాల గురించి రాసినవారున్నారు. నేను చెప్పబోయేది రెండేళ్ళ క్రితం మేము ముగ్గురం వెళ్ళిన వేలూరు గురించి. అది తీర్థయాత్ర కాదు.

బరంపురంలో రైలెక్కి కాట్పాడిలో దిగితే వేలూరు పక్కనే. 1900లో ఐడా స్కడర్ అనే అమెరికన్ యువతి ఒకే ఒక్క పడకతో మొదలుపెట్టిన వైద్యశాల నేడు మహావృక్షమైంది. దాని ఎదురు వీధిలో తమిళంతోపాటు తెలుగు, బెంగాలీ, హిందీ బోర్డులు కనిపిస్తాయి. కష్టానికి భాషాభేదం లేదనిపించింది.

మా అబ్బాయికి స్కిజోఫ్రేనియా. ఇంజనీరింగ్ మూడో ఏట, ఎవరో తనను తిడుతున్న గొంతులు వినబడుతున్నాయన్నాడు. చదువు ఆగిపోయింది. బ్యాంకులో అందరికీ కామెర్లని చెప్పాను. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని, నాకంటే ముందే అంకెల వరుసలు కూడి తప్పులు పట్టినవాడు వాడు.

మానసిక వైద్య విభాగం ఊరి చివర బాగాయంలో ఉంది. అక్కడ చేర్చుకుంటే రోగితోపాటు ఇంటివారు కూడా ఉండాలి. సెలవు గురించి మొదట విసుక్కున్నాను. నేర్చుకోవలసింది మేమూ అని తర్వాత తెలిసింది. బాగుందని మందులు సొంతంగా మానకూడదు. ఆ గొంతులు అబద్ధమని వాదించకూడదు, నిజమని ఒప్పుకోనూ కూడదు. వాడి భయం మాత్రం నిజమని గుర్తుంచుకోవాలి.

"మా పాత అబ్బాయి ఎప్పుడొస్తాడు డాక్టరుగారూ?" అని అడిగాను. ఆయన కాసేపు ఊరుకుని, "ముందు ఈ అబ్బాయితో మాట్లాడుతూ ఉండండి" అన్నారు.

ఇంట్లో మరణం జరిగితే పదిమంది వచ్చి పరామర్శిస్తారు. కళ్ళెదుట తిరుగుతున్న బిడ్డ కోసం ఏడ్చే తల్లిని ఎవరు పరామర్శిస్తారు? ఈ దుఃఖానికి పదకొండో రోజు లేదు.

ఒక ఆదివారం అనుమతి తీసుకుని కోట చూడబోయాం. చుట్టూ నీటి కందకం, లోపల విజయనగర కాలంనాటి జలకంఠేశ్వరాలయం. తరాలపాటు ఆ గర్భగుడి ఖాళీగా ఉందనీ, లింగాన్ని 1981లో మళ్ళీ ప్రతిష్ఠించారనీ చెప్పాను.

"అన్నాళ్ళూ దేవుడెక్కడున్నాడు నాన్నా?"

"సత్తువాచారి అని, ఈ పక్కనే ఇంకో చోట ఉంచారట."

వాడు తలూపి, కల్యాణ మండపం స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో మరిచిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ మరిచిపోయాడు. సాయం చెయ్యబోయి ఆగాను. మూడోసారి పూర్తిచేసి నావైపు చూసి నవ్వాడు. మా ఆవిడ అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను కూడా పాత అబ్బాయి కోసం తనివితీరా ఏడ్చింది ఆ రాత్రే.

ఇప్పుడు వాడు ఉదయంపూట మా బావమరిది పుస్తకాల దుకాణంలో కూర్చుంటున్నాడు. రాత్రి భోజనం కాగానే మాత్ర. మంచిరోజులూ ఉన్నాయి, చెడ్డరోజులూ ఉన్నాయి. బ్యాంకులో నిజం చెప్పేశాను. చెప్పిన వారంలోనే ఇద్దరు సహోద్యోగులు తలుపు దగ్గరగా వేసి తమ ఇళ్ళ సంగతి చెప్పుకున్నారు.

పాఠకుల్లో ఎవరింట్లోనైనా ఈ బాధ ఉంటే ముందు ఒక్కరికైనా చెప్పండి. 2017 నాటి చట్టం ప్రకారం ఆరోగ్య బీమా మానసిక వ్యాధులకూ ఇతర వ్యాధులతో సమానంగా వర్తించాలి. పాలసీ కాగితాలు తీసి చూసుకోండి. వేలూరు వెళితే, ఒక సాయంత్రం ఆ కోటకూ వెళ్ళిరండి.