మీరేవిట్లు?

మా తాత మోటతొండాలు కుట్టేవాడు. ఆ నీళ్లతో ఆసాముల చేలు పండేవి. ఆయనకి దాహమేస్తే మాత్రం ఎవరో ఒకరు పైనుంచి దోసిట్లో పోయాల్సిందే.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టెక్కారు. వాళ్లు భువనగిరి బండ మీద నేర్చుకున్నారని తెలిసి, సెలవుల్లో తిరువూరు నుంచి నేనూ పోయాను. ఎక్కడం కన్నా పాత బోల్టులు మార్చే పని నా చేతికి పట్టుబడింది.

రాతిలో బొక్క తొలిచి దించిన బోల్టు లోపల విచ్చుకుని పట్టుకుంటుంది. పైకి నిగనిగలాడినా లోన తుప్పు తినేసి ఉండొచ్చు. విరగ్గొట్టి పక్కనే ఇంకోటి దించడం తేలికే, రాయి పాడవుద్ది. ఓపిగ్గా పాతదాన్ని పెరికి, అదే బొక్కని కాస్త వెడల్పు చేసి, బ్రష్షుతో తోమి, దుమ్మంతా ఊదేసి, స్టెయిన్‌లెస్ స్టీలుది కొట్టాలి. నట్టు లెక్క ప్రకారం బిగించాలి. మరీ బిగిస్తే అదీ ప్రమాదమే. ఆరె పట్టినోడి మనవడికి రెంచి కొత్తా అని తోటి మాస్టర్లు నవ్వారు. నవ్వనీ.

మొన్న నేను మార్చిన బోల్టు మీద బరువేసి ఒకాయన పైన ఆగాడు. కింద తాడు నా చేతిలో ఉంది. ఊసుపోక కాబోలు, "మాస్టారూ, ఇంతకీ మీరేవిట్లు?" అని కేకేశాడు.

"మాదిగలం."

కాసేపు మాట్లేదు. తర్వాత, "దించండి" అన్నాడు.