చేతికి అలవాటైన డ్రైవర్

మాస్టర్స్ గెలిచిన నెల రోజులకే, 2025 మేలో, గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ పీజీఏ చాంపియన్‌షిప్ ఆడటానికి క్వెయిల్ హాలోకి వచ్చాడు. అంతకుముందు 4 సార్లు గెలిచిన కోర్సు అది. ఆట మొదలవకముందే జరిగిన క్లబ్బుల పరీక్షలో అతని డ్రైవర్ నిబంధనల ప్రకారం పనికిరాదని తేలింది. ఏడాదికి పైగా చేతిలో ఉన్నదాన్ని పక్కన పెట్టి మరొకటి పట్టుకోవాల్సి వచ్చింది. చివరికి 47వ స్థానం.

ఇందులో మోసమేమీ లేదు. డ్రైవర్ ముందుభాగం చాలా పలచగా ఉంటుంది. దెబ్బలు తినేకొద్దీ దాని స్ప్రింగు గుణం పెరిగి, బంతిని మరింత విసురుగా తోస్తుంది. పరీక్షలో లోలకం ఆ ముందుభాగాన్ని తాకి ఉండే సమయం 257 మైక్రోసెకన్లు దాటితే నిబంధనలు ఒప్పుకోవు. అంటే ఆటగాడికి అది బాగా నచ్చే దశలోనే చేజారే ప్రమాదం ఎక్కువ!

కొత్తదానికి లాఫ్ట్, షాఫ్ట్, బరువు అన్నీ సరిచూసుకోవచ్చు. ప్రాక్టీస్ రేంజ్‌లో అంకెలు కూడా ముచ్చటగానే వస్తాయి. కానీ ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క చెట్లు ఉన్న టీ మీద నిలబడ్డప్పుడు కావలసిన నమ్మకం ఏ యంత్రమూ చూపించదు. మనలాంటి వారాంతపు ఆటగాళ్లకీ అంతే.

అదే వారం మరో గోల్ఫర్ స్కాటీ షెఫ్లర్ డ్రైవర్ కూడా పరీక్షలో తప్పింది. అతను మాత్రం వేరేదానితో ఆడి 5 స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు. ఎంత నిబ్బరం!

నాకు బాధ కలిగించింది ఇంకొకటి. గోప్యంగా ఉండాల్సిన పరీక్ష ఫలితాల్లో రోరీ పేరు బయటికి పొక్కింది. పోటీ జరిగిన నాలుగు రోజులూ అతను మీడియాతో మాట్లాడకపోవడం నాకైతే తప్పనిపించలేదు.