గంజులో కేకు

సికింద్రాబాద్ స్టేషన్‌లో పొద్దున్నే మేడ్చల్ వైపు పోయే ఎంఎంటీఎస్ ఎక్కాను. డిసెంబరు మూడో వారం. కిటికీ పక్కన కూర్చుంటే చెవులు గడ్డకట్టే చలి. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అమ్ముగూడ దాటాక ఒక చిన్న స్టేషన్ వస్తుంది. దాని పేరు కావల్రీ బ్యారక్స్. గుర్రాలు ఎప్పుడో పోయాయి, పేరు మాత్రం పలక మీద నిలిచింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టినప్పటి నుంచీ సికింద్రాబాద్ దండు ఊరే. పాతవాళ్లు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. అల్వాల్, బొల్లారం దాటాకగానీ మేడలు పలచబడలేదు. గౌడవెల్లిలో దిగాను.

నా స్నేహితురాలి తల్లిగారిల్లు అక్కడికి దగ్గర్లోనే. నేను వెళ్లేసరికి ఆంటీ వాకిట్లో సాన్పి చల్లి, కోళ్లగూడు తలుపు తీస్తున్నారు. "చాయ్ తాగి రా బిడ్డా, నీకు పని పెడతా" అన్నారు. క్రిస్మస్ కేకు చేయడం చూద్దామని వచ్చినదాన్ని, మధ్యాహ్నం దాకా కేకు మొహం చూడలేదు. కోళ్లకు నూకలు చల్లడం, నీళ్లు నింపడం, జామచెట్టు కింద రాలిన ఆకు ఊడ్చి కుప్ప చేయడం, తుమ్మ మొద్దులు పగలగొట్టిన పెద్దాయన చేతి నుంచి కట్టెలు అందుకుని పొయ్యి పక్కన పేర్చడం. తుమ్మ నిప్పు తొందరగా ఆరదు. కేకుకు కావలసింది మంట కాదు, నిలిచే నిప్పు. అందుకే పొద్దుటి పనులన్నీ అటే నడిచాయి.

ఆంటీ మామగారు కంటోన్మెంటులో ఒక ఆఫీసర్ల మెస్సులో వంట చేసేవారట. కేకు ఈ ఇంటికి ఆయన చేతుల మీదుగానే వచ్చింది. ఆ మాట విన్నప్పుడు నాకు ముందురోజు బొల్లారంలో చూసిన రాష్ట్రపతి నిలయం గుర్తొచ్చింది. 1860లో కట్టిన బంగళా, మొత్తం 90 ఎకరాల ఆవరణ. 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా జనాన్ని రానిస్తున్నారు. అక్కడ వంటిల్లు బంగళాలో లేదు, విడిగా ఉంది. అక్కడి నుంచి భోజనాల గదికి నేల కింద ఒక సొరంగం. వండిన గిన్నెలు అందులోంచే పోయేవి. ఇప్పుడు ఆ గోడల మీద చేర్యాల బొమ్మలు వేశారు, చాలా అందంగా ఉన్నాయి. కానీ నేను అక్కడ ఎక్కువసేపు నిలబడ్డది బొమ్మల కోసం కాదు. వేడి గిన్నె పట్టుకుని ఈ చీకట్లో నడిచిన మనుషుల పేర్లు ఎక్కడైనా ఉన్నాయేమోనని చూశాను. కనబడలేదు. అలాంటి ఒక మనిషి నేర్చిన పని ఈ పెరట్లో ఇంకా సాగుతోంది.

మామగారి మెస్సులో బట్టీ ఉండేది. ఇంట్లో ఏముంది? పెద్ద గంజు, వాగు ఇసుక. గంజు అడుగున నాలుగు వేళ్ల మందాన ఇసుక పోసి, పొయ్యి మీద అరగంట కాచి, దాని మీద కేకు టిన్ను పెడతారు. ఇసుక వేడిని మెల్లగా, అన్ని వైపులా ఒకే తీరుగా అందిస్తుంది. పైన ఇనుప మూత వేసి దాని మీద నిప్పులు పరుస్తారు. "కిందికంటె పైన ఎక్కువుండాలె. లేకుంటె అడుగు మాడుతది, పైన తెల్లగుంటది" అన్నారు ఆంటీ.

పిండి కలపడం ఆమె తూకంతోనే చేస్తారు. మైదా, వెన్న, చక్కెర అరకిలో అరకిలో. గుడ్లనూ లెక్కపెట్టరు, తూస్తారు. నాటుకోడి గుడ్లు చిన్నవి కాబట్టి ఆ రోజు పన్నెండు పట్టాయి. ద్రాక్షరసంలో నెల రోజులు నానిన కిస్మిస్, జీడిపప్పు, టూటీఫ్రూటీ సీసాలో సిద్ధంగా ఉన్నాయి. ఇక రంగు. ఇనుప మూకుట్లో చక్కెరను కరిగించి, నల్లబడి పొగ వచ్చేదాకా ఉంచి, ఒక్కసారిగా వేడినీళ్లు పోశారు. బుస్సున పొంగింది. నేను వెనక్కి జరిగాను, ఆమె జరగలేదు. ఆ చేదు పాకమే కేకుకు ముదురు గోధుమ రంగు ఇస్తుంది. మైదా మూడుసార్లు జల్లించే పని నాది. వెన్న, చక్కెర గిలక్కొట్టే పని మా స్నేహితురాలిది. భుజం నొప్పి పుట్టినా ఆంటీ ఆపనివ్వలేదు.

మొదటి టిన్ను నా తొందర వల్ల దెబ్బతింది. కమ్మటి వాసన రాగానే పట్టకారుతో మూత ఎత్తాను. పొంగిన కేకు నా కళ్లముందే నడుమ కుంగింది. గుండె జారింది. ఆంటీ ఏమీ అనలేదు. "వాసనొచ్చినంక పావుగంట ఆగాలె" అని మాత్రం చెప్పి, రెండో టిన్ను పెట్టారు. ఈసారి పుల్ల గుచ్చితే తడి అంటకుండా వచ్చింది.

నిప్పు ఉండగానే పక్క పొయ్యి మీద నూనె పెట్టి గులాబీ పువ్వులు వేశారు. అచ్చును నూనెలో బాగా కాచి, పిండిలో ముప్పాతిక దాకానే ముంచాలి, పూర్తిగా మునిగితే పువ్వు ఊడిరాదు. పిల్లలు దువ్వెన మీద గవ్వలు ఒత్తారు. వీటినే లాలాగూడ ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో కల్‌కల్ అంటారు. మా అమ్మ సంక్రాంతికి బెల్లంపాకంలో వేసే గవ్వలూ, ఇవీ ఒకటే. చిన్నప్పుడు నేను పీట మీద ఒత్తాను, వీళ్లు దువ్వెన మీద ఒత్తారు, అంతే తేడా.

కేకు ఆరాక ఆంటీ ముక్కలు కోసి స్టీలు డబ్బాల్లో సర్దారు. ముందు డబ్బా ఎదురింటికి. సంక్రాంతికి అదే డబ్బా సకినాలతో తిరిగొస్తుంది, ఏనాడూ ఖాళీగా రాలేదట. కుంగిన కేకును ఇంట్లోవాళ్లకని ఉంచారు. రుచిలో ఏ లోటూ లేదు.

పొద్దు వాలేసరికి గిన్నెలు తోమడానికి కూర్చున్నాం. ఉదయం పేర్చిన కట్టెల బూడిదా, కొబ్బరి పీచూ. గంజులో ఇసుక ఇంకా వేడిగానే ఉంది. ఆంటీ అందులో నాలుగు కందగడ్డలు కప్పి పెట్టారు. రైలు వేళకు అవి ఉడికాయి. వాటిని కాగితంలో చుట్టి, "తొవ్వల తిను" అని నా చేతిలో పెట్టారు. గౌడవెల్లి ప్లాట్‌ఫారం మీద నిలబడి తొక్క తీస్తుంటే, వేళ్లకు ఇసుక రేణువులు తగిలాయి.