అమ్మ పులిహోర ఎక్కని విమానం

ఇంటి ముందు క్యాబ్ ఆగి ఉంది. అమ్మ చేతిసంచిలో ఏమేం సర్దిందోనని చివరిసారిగా చూస్తుంటే, శాలువా కింద అరటాకులో చుట్టి పైన న్యూస్‌పేపరు కట్టిన పొట్లం చేతికి తగిలింది. ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఇంగువ వాసన గుప్పుమంది. పులిహోర!

‘‘ఇదెందుకమ్మా? విమానంలో వాళ్లే భోజనం పెడతారు’’ అన్నాను.

‘‘ఉంటే తప్పేంట్రా? అర్ధరాత్రి ఆకలేస్తే...’’

‘‘అక్కడ పొట్లం విప్పితే అందరూ మనవైపే చూస్తారు’’ అంటూ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టేశాను. అమ్మ మారుమాట్లాడలేదు. తాళం వేసేముందు మాత్రం ఆ పొట్లం తీసుకెళ్లి పక్కింటివాళ్లకి ఇచ్చొచ్చింది.

2023 డిసెంబరు నాటి మాట ఇది. డాలస్‌లో అక్కకి నెలలు నిండాయి. అమ్మకి అరవై ఎనిమిదేళ్లు. పదిహేనేళ్లుగా షుగరు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కణ్నుంచి రాత్రి రెండింటికి యూరప్ వెళ్లే విమానం, యూరప్‌లో మారి అమెరికా... అలా దొరికాయి టికెట్లు.

రైలు ప్రయాణమంటే అమ్మ ముందురోజే పనిలో పడిపోతుంది. నాన్న ఉన్నప్పుడు కాశీ వెళ్తే స్టీలు క్యారియర్ నిండా పులిహోర, మరో డబ్బాలో దద్ధ్యోజనం, అరిసెలు, మరమరాలు. బల్లార్షా దాటకుండానే పక్క సీట్లవాళ్లంతా మాకు చుట్టాలైపోయేవారు. అలాంటి మనిషిని నేను ఖాళీ చేతులతో విమానం ఎక్కించాను.

ఆ రోజు అమ్మ పెరుగన్నం తిన్నది మధ్యాహ్నం మూడింటికి. ఢిల్లీలో ఏమైనా తిందామంటే, ప్లేటు ఇడ్లీ ధర చూసి ‘‘ఈ డబ్బుతో మన వీధంతటికీ టిఫిన్ పెట్టొచ్చురా, విమానంలో పెడతారన్నావుగా’’ అని కూర్చుంది. నీళ్లూ తాగలేదు. విమానంలో బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని భయం. ఈ భయం మా అమ్మ ఒక్కదానిదే కాదు. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దవాళ్లను ఎవర్ని కదిపినా ఇదేమాట చెబుతారు. ఆ గొట్టంలాంటి గదిలో గాలి అసలే పొడి. తేమ ఇరవై శాతం కన్నా తక్కువే ఉంటుంది. పెదాలు పగులుతాయి, గొంతు ఎండుతుంది. నీళ్లు మానేస్తే నీరసం ఇంకా పెరుగుతుంది.

వెబ్ చెకిన్ చేయడంలో నేను బద్ధకించడంతో ఇద్దరికీ పక్కపక్క సీట్లు దొరకలేదు. అమ్మకి నాలుగు వరుసల వెనక నేను. అమ్మ పక్కన ఒక పంజాబీ పెద్దావిడ. విమానం పైకి లేచిన గంటకి, అంటే తెల్లవారుజామున మూడు దాటాక, భోజనాలు మొదలయ్యాయి. ముందుగా చెప్పి ఉంచిన ప్రత్యేక భోజనాలను అందరికన్నా ముందే తెచ్చిస్తారు. ట్రే మీద సీటు నంబరు వేసిన చిన్న స్టిక్కరు ఉంటుంది. అమ్మ ముందు ట్రే పెట్టడం కళ్లారా చూశాను. హమ్మయ్య అనుకుని, నా వంతు భోజనం కానిచ్చేసి, సినిమా చూస్తూ కునుకు తీశాను.

తర్వాత తెలిసిన విషయం ఇది. ఇంట్లో కంచం పెట్టగానే షుగరు మాత్ర వేసుకోవడం అమ్మకి అలవాటు. ట్రే రాగానే మాత్ర మింగేసింది. ఆపైన మూత తీసింది. లోపల కోడికూర!

పుట్టి బుద్ధెరిగి అమ్మ గుడ్డు కూడా ముట్టలేదు. మూత మళ్లీ పెట్టేసి, కళ్లు మూసుకుంది. నన్ను లేపలేదు. ఎయిర్‌హోస్టెస్‌ని అడగలేదు. ‘‘ఏ భాషలో అడగను? అడిగితే వాళ్లేమనుకుంటారో! నీ పరువు పోతుందేమోననీ...’’ అంది తర్వాత.

తప్పు విమానంవాళ్లది కాదు, నాదే. టికెట్ బుక్ చేసేటప్పుడు భోజనాల జాబితాలో ‘హిందూ మీల్’ అని కనబడగానే, అంతకన్నా ఏం కావాలని టిక్కు పెట్టేశాను. హిందూ భోజనమంటే శాకాహారమేనని ఎవరు చెప్పారు నాకు? విమానాల లెక్కలో దాని అర్థం వేరు. అందులో గొడ్డుమాంసం, పందిమాంసం ఉండవు, అంతే. కోడి, మేక, చేప, గుడ్డు ఏదైనా ఉండొచ్చు. దాని కోడ్ ‘హెచ్ఎన్ఎంఎల్’. మన పద్ధతి శాకాహారం కావాలంటే ‘ఏవీఎంఎల్’, అంటే ఏషియన్ వెజిటేరియన్ మీల్ అని చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు పడనివాళ్లకి జైన భోజనం ‘వీజేఎంఎల్’. ఇంకో తిరకాసు ఉంది. షుగరున్నవాళ్లకని ‘డీబీఎంఎల్’ ఉంటుంది గానీ, అందులోనూ మాంసం ఉండొచ్చు. మామూలుగా ఒక మనిషికి ఒక కోడ్ మాత్రమే ఇస్తారు. కాబట్టి మా అమ్మలాంటివాళ్లు శాకాహారం ఎంచుకుని, తీపి పక్కన పెట్టేయడమే నయం. ఇవన్నీ కనీసం 24 గంటల ముందు చెప్పాలి. కొన్ని సంస్థలకి ఇంకా ముందే చెప్పాలి. టికెట్ తేదీ మారితే భోజనం సంగతి మళ్లీ సరిచూసుకోవాలి.

ముందే ఎందుకంటే, విమానంలో వంట ఉండదు. నేలమీద కిచెన్‌లో గంటల ముందే వండి, వెంటనే బాగా చల్లార్చి, లెక్కపెట్టి ట్రాలీల్లో ఎక్కిస్తారు. పైన చిన్న ఓవెన్లలో వేడి చేయడం వరకే. ఎక్కని భోజనం ఆకాశంలో పుట్టదు.

గంటన్నర గడిచిందేమో. ఎవరో భుజం తట్టారు. పంజాబీ ఆవిడ! ‘‘బేటా, మీ అమ్మగారికి ఒంట్లో బాగాలేనట్టుంది’’ అంటోంది హిందీలో. అంతకుముందే కాల్ బటన్ నొక్కిందట. పరుగెత్తాను. అమ్మ నుదురంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే ‘‘స్టేషన్ వచ్చిందా?’’ అంది. నా గుండె జారిపోయింది. షుగరు పడిపోయింది. రక్తంలో గ్లూకోజు 70 కన్నా తగ్గితే ఇలాంటి లక్షణాలే మొదలవుతాయి. ఎంతుందో చూద్దామంటే గ్లూకోమీటరు పెద్ద పెట్టెలో పెట్టేశాను. ఆ పెట్టె విమానం పొట్టలో ఉంది.

ఎయిర్‌హోస్టెస్ మాత్రం కంగారుపడలేదు. కాసేపట్లో గ్లాసుడు నారింజరసం, నాలుగు పంచదార పొట్లాలు తెచ్చింది. మనిషికి స్పృహ ఉండి, మింగగలుగుతోంది కాబట్టి సరిపోయింది. పావుగంటకి చెమట తగ్గింది. ఇంకో పావుగంటకి నన్ను గుర్తుపట్టి, ‘‘నువ్వు తిన్నావా?’’ అంది. నేను ఏం చెప్పను?

తీపితో షుగరు పైకి లేచినా మళ్లీ పడిపోకుండా కడుపులోకి ఏదైనా వెళ్లాలి. మిగిలిన శాకాహార భోజనాలు లేవు. అప్పుడు ఆ పంజాబీ ఆవిడ సీటు కింది సంచిలోంచి వెండికాగితం పొట్లం తీసింది. మెంతికూర పరాఠాలు. అమ్మ చేతిలో రెండు పెట్టి, ‘ఖావో, బహెన్‌జీ’ అంది. పొట్లం విప్పితే మెంతికూర వాసన నాలుగు వరుసలు కమ్మేసింది. ఎవరూ మావైపు చూడలేదు. చూసిన ఒకరిద్దరి కళ్లలోనూ ఆకలే కనబడింది.

తిరిగొచ్చాక పనిలో పనిగా ఈ ఆకాశభోజనం గురించి చదివాను. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నట్టు ఉంచుతారు. ఇంచుమించు ఊటీలో కూర్చుని తిన్నట్టన్నమాట. అక్కడ నీళ్లు 92, 93 డిగ్రీలకే మరుగుతాయి. విమానంలో టీ నీళ్లనీళ్లగా ఉండటానికి అదో కారణం. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థవాళ్లు విమానం ముందుభాగాన్ని ఒత్తిడి తగ్గించే గదిలో పెట్టి, జనాన్ని కూర్చోబెట్టి భోజనాలు పెట్టారు. ఉప్పు రుచి 20 నుంచి 30 శాతం, తీపి 15 నుంచి 20 శాతం తక్కువగా తెలుస్తోందని 2010లో తేల్చారు. ముక్కు ఎండిపోతే వాసనా అందదు. దానికితోడు ఇంజన్ల రొద కూడా తీపిని తగ్గిస్తుందని అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీవాళ్లు 2015లో చూపించారు. పులుపు, కారం మాత్రం పెద్దగా తగ్గవట! చింతపండు, ఎండుమిరపకాయలు, ఇంగువ. ఆ ఎత్తుకి తగిన భోజనం ఏదో ఏ ల్యాబూ లేకుండానే అమ్మ కట్టిందన్నమాట, నేను తీసి పక్కన పెట్టానన్నమాట.

ఇక ‘ద్రవపదార్థాల’ సంగతి. నా పక్క సీటాయన ఆ రాత్రి మూడు విస్కీలు పుచ్చుకుని నిద్రపోయాడు. ఉచితం కదా! 2024లో జర్మనీ పరిశోధకులు, మందు పుచ్చుకుని ఆ ఒత్తిడిలో నిద్రపోయినవాళ్లను గమనించారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకే రక్తంలో ఆక్సిజన్ 85 శాతం దగ్గరికి పడిపోయింది, గుండె వేగం పెరిగింది. గుండెజబ్బులున్న పెద్దాయనలు ఈ ఉచితానికి దూరంగా ఉంటే మంచిది. నీళ్లు అడిగితే ఎన్నిసార్లయినా ఇస్తారు. అదీ ఉచితమే.

మా డాక్టరుగారు అంతా విని నన్ను బాగానే కడిగేశారు. ప్రయాణానికి ముందే మాత్రల వేళలు అడిగి రాయించుకోవాలట. మందులు, మీటరు, పంచదార బిళ్లలు చేతిసంచిలోనే ఉండాలట. కంచం వచ్చాక కాదు, మూత తీసి తినగలమని చూసుకున్నాకే మాత్ర వేసుకోమన్నారు అమ్మని.

కట్టుకున్న పులిహోర, పరాఠాలు, జంతికల్లాంటివి సాధారణంగా సెక్యూరిటీ దగ్గర ఆపరు. ఆవకాయ సీసా మాత్రం పెద్ద పెట్టెలోకే. 2006 ఆగస్టులో లండన్‌లో విమానాలు పేల్చే కుట్ర బయటపడ్డాక చేతిసంచుల్లో ద్రవాల మీద ఆంక్షలు వచ్చాయి. జారుగా ఉండే పచ్చడీ వాళ్ల దృష్టిలో ద్రవమే. అమెరికాలో దిగేముందు మిగిలినవి తినేయాలి, లేదా కస్టమ్స్‌వాళ్లకి చెప్పాలి. పళ్లు, మాంసం అసలు వద్దు.

మూడు నెలల తర్వాత తిరుగు ప్రయాణం. అమ్మని తీసుకురావడానికి మళ్లీ వెళ్లాను. ఈసారి ‘ఏవీఎంఎల్’ అని రాసి ఉందో లేదో మూడుసార్లు చూశాను. పక్కపక్క సీట్లే. అక్క కట్టిన పులిహోర పొట్లం అమ్మ ఒళ్లోనే ఉంది. అర్ధరాత్రి ట్రే వచ్చింది. నేను మాత్ర చింపి, నీళ్ల సీసా మూత తిప్పి అందించబోయాను.

అమ్మ నా చెయ్యి పక్కకి నెట్టింది.

‘‘ఆగు. ముందు మూత తియ్యనీ’’ అంది.