ఉత్తర సముద్రంలో ఒక ఊరు

ఆంగ్ల సాహిత్యం చదివినవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా అనువాదమే నా జీవిక. మాటల వరుస మారినా భావం చెడదని నా వృత్తి నాకు నేర్పింది. అన్నివేళలా అది నిజం కాదని గత శీతకాలంలో బస్తర్‌లో తెలిసివచ్చింది.

జగదల్‌పూర్‌లో గ్రామీణ యువకులకు కంప్యూటరుపై పటాలు గీయడంలో మూడు రోజుల ప్రాథమిక శిక్షణ ఏర్పాటయింది. బస్తర్ దక్షిణపు కొసన, శబరి ఒడ్డునున్న కుంట ప్రాంతపు తెలుగువారి కోసం నన్ను దుభాషిగా పిలిచారు. నేర్పిన సాధనాలు రెండు: 2002లో గారీ షెర్మన్ ప్రారంభించిన క్యూజీఐఎస్, 2001లో కెనడాలో వెలువడిన పోస్ట్‌జీఐఎస్. మొదటిది పటం గీస్తుంది. రెండవది ఊళ్ళను, వాగులను, ఎల్లలను వాటి స్థానాలతో సహా భద్రపరిచే డేటాబేస్. రెండూ ఓపెన్ సోర్స్ సాధనాలే. వెల లేదు, లోపలి రాతలో దాపరికమూ లేదు. ఎవరైనా చదువవచ్చు, సవరించవచ్చు.

వచ్చినవారికి ఇది కాలక్షేపం కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ తన అడవి హద్దులు చూపి సామూహిక హక్కు కోరవచ్చు. ఆ హద్దులేమో ఇప్పచెట్టుగా, వాగుగా, గుట్టగా పెద్దల జ్ఞాపకంలోనే ఉన్నాయి. ఆ పెద్దలుండగానే వాటిని పటానికెక్కించాలని ఆ యువకుల ఆరాటం.

రెండవనాడు ఒక యువకుడు తన ఊరి స్థానాన్ని నమోదు చేశాడు. తెరపై చుక్క కనబడలేదు. పటాన్ని చిన్నది చేస్తూ పోగా, అది స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన, ఆర్కిటిక్ మహాసముద్రంలో తేలింది! అందరూ నవ్వారు. అతడు నవ్వలేదు.

"కాగితాల్లో కూడా ఇలాగే పోతుందా సార్, మా ఊరు?" అన్నాడు.

తప్పు నాది. శిక్షకుడు రేఖాంశం ముందు, అక్షాంశం తరువాత అని చెప్పాడు. బడిలో వల్లెవేసిన అలవాటుతో నేను అక్షాంశాన్ని ముందుకు తెచ్చాను. 18వ అక్షాంశానికి చేరువలోని ఊరు 81 దాటిపోయింది. యంత్రం అభ్యంతరం చెప్పలేదు; దానికి రెండూ చెల్లే అంకెలే.

క్షమాపణ చెప్పి వరుస సరిచేశాను. చుక్క శబరి చెంతకు వచ్చింది.

మూడవనాడు మరొక నియమం: ఎల్లను అంకెల వరుసగా రాసినప్పుడు, చివరి బిందువు మొదటి బిందువే కావాలి, లేకుంటే పోస్ట్‌జీఐఎస్ స్వీకరించదు. తెలుగులో చెప్పేముందు శిక్షకుణ్ణి రెండుమార్లు అడిగాను.

ఆ యువకుడు ఈసారి నవ్వాడు. "మా తాత పొలిమేర చూపించేదీ ఇలాగే సార్. బయలుదేరిన ఇప్పచెట్టు దగ్గరికి వస్తేగాని ఆగడు."